చెరిపి రాసిన ఊరు కాదు, పక్కన చేర్చి రాసిన ఊరు: విశాఖ పాతపట్నం కథ

సంక్షిప్తంగా: విశాఖపట్నం పాతపట్నమైన వన్‌టౌన్‌లో గుళ్లు, దర్గా, చర్చిలు, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలపు వీధులు, జమీందారుల కట్టడాలు ఒకదాన్ని కూల్చి మరొకటి లేవలేదు, ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఈ ఊరు పెద్ద రాజ్యానికి రాజధాని కాకపోవడం, రేవు అవసరం అందరికీ ఒకటే కావడం, 1933లో కొత్త హార్బరు వచ్చాక నగరపు నడిబొడ్డు ఉత్తరానికి జరిగిపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. అయితే ఇలా పరుచుకున్న వారసత్వం, విడివిడి కట్టడాలను లెక్కపెట్టే రక్షణ పద్ధతులకు సరిగా అందదు. పూజలు జరిగే చోట్లు నిలుస్తున్నాయి, ఇళ్లూ వీధులూ కరుగుతున్నాయి.

వన్‌టౌన్ రోడ్ల విస్తరణ మాట వచ్చినప్పుడల్లా, పాత భవనం ఏదైనా పెచ్చులూడి కూలినప్పుడల్లా విశాఖలో ఒక ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. కాపాడుకోవలసినంత చరిత్ర ఇక్కడ నిజంగా ఉందా అన్నదే ఆ ప్రశ్న. హైదరాబాదుకు చార్మినార్ ఉంది, ఓరుగల్లుకు కీర్తి తోరణాలు ఉన్నాయి, విశాఖకు ఏముంది అని అడిగేవారు చాలామంది. సింహాచలం ఊరికి దూరంగా కొండల మధ్య ఉంది. తొట్లకొండ, బావికొండ బౌద్ధ ఆరామాలు భీమిలి దారిలో ఉన్నాయి. పాతపట్నంలో నిలబడి చూస్తే ఇరుకు సందులు, చేపల వాసన, పాత మిద్దెలు, వాటి నడుమ గుళ్లు, చర్చిలు, మసీదులు కనిపిస్తాయి తప్ప ఒక్క మహాకట్టడమూ కనిపించదు. ఈ అయోమయానికి మూలం ఊరు పెరిగిన తీరులోనే ఉంది.

ఉప్పుటేరు మొగ దగ్గర

యారాడ కొండ కొస సముద్రంలోకి చొచ్చుకుపోయి దక్షిణపు గాలులకు అడ్డుగా నిలుస్తుంది. ఆంగ్లేయులు దాని ఆకారం చూసి డాల్ఫిన్స్ నోస్ అన్నారు, ఆ పేరే స్థిరపడింది. ఆ కొండకు ఉత్తరాన ఉప్పుటేరు సముద్రంలో కలిసేది. ఏటి మొగకు ఆనుకొని ఇసుక నేల, దానికి పడమరగా ఆటుపోట్లకు మునిగి తేలే చిత్తడి, తూర్పున సముద్రం. పాతపట్నం పుట్టింది ఈ ఇరుకైన పట్టీ మీదే. దక్షిణాన ఏరు, రెండు పక్కల నీరు ఉన్న ఊరు పెరగాలంటే ఉత్తరానికే పెరగాలి. తరవాతి చరిత్రంతా ఈ నేల ఇచ్చిన దిక్కునే నడిచింది.

ఏటి మొగలో ఇసుక మేట వేయడం వల్ల పెద్ద ఓడలు లోపలికి వచ్చేవి కావు. అవి బయటి సముద్రంలో లంగరు వేసేవి, సరుకునూ మనుషులనూ మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. మసూలా పడవకు మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి కడతారు. కెరటం ఎత్తి నేలకు కొట్టినప్పుడు మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి సర్దుకుంటుంది. ఆ పడవ నడిపే వారు జాలర్లు, వాడబలిజలు. ఏ దేశపు ఓడ వచ్చినా, ఏ మతపు వర్తకుడు దిగినా మొదట ఆధారపడింది వీరి మీదే. ఊరి చరిత్ర చెప్పేటప్పుడు ఈ సంగతి వెనక్కి పోతుంది కానీ, రేవు రేవుగా పనిచేసింది ఈ చేతుల వల్లనే.

11, 12 శతాబ్దాల శాసనాల్లో విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అనే మారుపేరు కనిపిస్తుంది. దూరదేశాలతో వ్యాపారం చేసే వర్తక శ్రేణుల ప్రస్తావనా ఆ శాసనాల్లో ఉంది. చోళ రాజు పేరు పెట్టుకొని, తెలుగు నేల మీద, బయటి వర్తకులతో నడిచిన పట్టణం ఇది. తీరాన ఒకప్పుడు వైశాఖేశ్వరుడి గుడి ఉండేదనీ, అది సముద్రంలో కలిసిపోయిందనీ, ఊరి పేరు ఆ దేవుడి నుంచే వచ్చిందనీ స్థలపురాణం చెబుతుంది. గుడి ఆనవాలు చూపడం కష్టం కానీ, సముద్రం నేలను మింగుతుందన్న ఎరుక ఆ కథలో ఉంది, అది ఈ తీరంలో ఎవరికీ కొత్త కాదు.

మూడు కొండలు, ఒకే ఓడదారి

ఇప్పుడు హార్బరులోకి ఓడ ప్రవేశించే కాలువకు ఒక వైపు డాల్ఫిన్స్ నోస్, రెండో వైపు మూడు చిన్న కొండలు ఉన్నాయి. ఒక కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒక కొండ మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఒక కొండ మీద మరియమాత చర్చి. చర్చి ఉన్నది రాస్ హిల్. 1864లో రాస్ అనే ఐరోపావాసి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తరవాత ప్రార్థనాలయంగా మారింది. వేంకటేశ్వరుడి గుడిని 1866లో బ్లాక్‌మోర్ అనే ఆంగ్లేయ కెప్టెన్ కట్టించాడని స్థానికంగా చెప్పుకుంటారు. మూడింటిలోనూ దర్గా పాతది.

పర్యాటక కరపత్రాలు ఈ మూడు కొండలను మతసామరస్యానికి గుర్తుగా చూపుతాయి. అది తప్పు కాదు, కానీ ఆ మాటతో ఆగితే అసలు కారణం కనిపించదు. మూడు మతాలవారూ కొండలే ఎందుకు ఎంచుకున్నారు? పైగా ఏటి మొగ పక్కనున్న కొండలనే ఎందుకు ఎంచుకున్నారు? సముద్రం మీది నుంచి ఒడ్డుకు వచ్చేవాడికి ముందుగా కనిపించేవి అవే. తుపానుల కాలంలో బంగాళాఖాతం మీద పోయేవాడికి, తీరాన ఎదురుచూసే ఇంటివాళ్లకు, కనిపించే ఎత్తు మీద ఒక దేవుడు ఉండడం అవసరం.

దర్గా విషయంలో ఇది మరింత స్పష్టంగా నమోదైంది. బంగాళాఖాతపు గాలివానల మీద ఇషాక్ మదీనా బాబాకు అధికారం ఉందన్న నమ్మకం ఇక్కడి ఓడవాళ్లలో బలంగా ఉండేదనీ, ప్రయాణం క్షేమంగా ముగిసిన తరవాత హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న దోనెలను దర్గాకు సమర్పించేవారనీ, రేవులోకి వచ్చే ఓడా, బయటికి పోయే ఓడా జెండాను మూడుసార్లు ఎత్తి దించి బాబాకు వందనం చేసేదనీ వందేళ్ల కిందటి రచనలు చెబుతున్నాయి. యజమాని ఒక మతం, సరంగు మరొక మతం, కూలీలు ఇంకొకరు. ఓడ మునిగితే అందరూ మునుగుతారు. అరచేతిలో ఇమిడే ఆ వెండి దోనె, ఆ ముప్పును అందరూ పంచుకున్నారనడానికి సాక్ష్యం. రాస్ హిల్ మీద డిసెంబరు 8న జరిగే మరియమాత ఉత్సవానికి ఇప్పటికీ క్రైస్తవేతరులు పెద్ద సంఖ్యలో వెళతారు. దీన్ని ఉదారతగా మాత్రమే లెక్కకట్టడం కంటే, రేవు జీవితం నేర్పిన అలవాటుగా చూడడం సరైనది.

రాజధాని కాకపోవడం వల్ల ఏమైంది

రాజధానిని గెలిచినవాడు తన గెలుపును రాతిలో చూపించాలి. ఓరుగల్లు కోట నడుమ కాకతీయుల స్వయంభూ దేవాలయపు శిథిలాలు, తోరణాలు, వాటికి దగ్గరలోనే సుల్తానుల కాలపు ఖుష్ మహల్ కనిపిస్తాయి. అధికారం మారినప్పుడు పాతదాన్ని తొలగించో, కమ్మేసో కొత్తది వస్తుంది. 1591లో పునాది వేసిన హైదరాబాదు వంటి ఊరైతే ఒకే సంకల్పంతో, ఒకే కేంద్రం చుట్టూ పెరుగుతుంది.

విశాఖపట్నానికి ఈ రెండూ జరగలేదు. చోళులు, తూర్పు గాంగులు, గజపతులు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు ఈ తీరాన్ని ఏలారు, కానీ ఎవరి గద్దె ఇక్కడ లేదు. మొగలుల కాలంలో ఈ ప్రాంతపు పాలన శ్రీకాకుళం ఫౌజుదారు చేతిలో ఉండేది. స్థానిక బలమంతా విజయనగరం సంస్థానానిది. కుంఫిణీవారికి మద్రాసు ఉంది. గెలిచిన ప్రతివాడికీ ఇక్కడ కావలసింది సుంకం, సరుకు, లంగరు వేసే చోటు. వాటిని చెడగొట్టుకుంటే నష్టపోయేది తానే. అందువల్ల కొత్తగా వచ్చినవాడు పాతదాన్ని పడగొట్టి కట్టేందుకు పెద్దగా కారణం ఏర్పడలేదు. పక్కన ఖాళీగా ఉన్న నేలనో, ఎక్కని కొండనో ఎంచుకున్నాడు. ఇరుకు పట్టీ మీద అలా ఒకదాని పక్కన ఒకటి చేరుతూ పోయాయి.

అంతమాత్రాన ఈ ఊరు రక్తపాతం ఎరుగదని అనుకోకూడదు. 1680లలో ఇక్కడ స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీకి ఔరంగజేబుతో యుద్ధం వచ్చినప్పుడు, 1689లో మొగలు సేనలు ఆ స్థావరాన్ని పట్టుకొని అందులోని ఆంగ్లేయులను చంపాయి. మరుసటి ఏడాది కంపెనీ తిరిగి వచ్చి, ఆపైన చుట్టూ కోట కట్టుకుంది. 1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారు ఊరిని పట్టుకున్నారు, 1758లో విజయనగరం ఆనంద గజపతిరాజు వారిని వెళ్లగొట్టి ఆంగ్లేయులను పిలిచాడు. అదే ఏడాది డిసెంబరులో చందుర్తి యుద్ధం ఫ్రెంచివారి ఆశలను ముగించింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో ఈ తీరప్రాంతమంతా, అంటే ఉత్తర సర్కారులు, కంపెనీ పరమయ్యాయి. 1780 అక్టోబరులో, మైసూరు పాలకుడు హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మన్నప్పుడు ఇక్కడి సిపాయిలు తిరగబడ్డారు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి ఓడలు రేవులోనే ఆంగ్లేయుల యుద్ధనౌక సెంచూరియన్ మీద దాడి చేశాయి. ఈ ఘటనలన్నీ రేవు కోసం, స్థావరం కోసం జరిగినవి.

కోట పోయింది, పేర్లు మిగిలాయి

కుంఫిణీ కోట గోడలు ఇప్పుడు లేవు. కానీ వన్‌టౌన్‌లో కోటవీధి ఉంది. సోల్జర్‌పేట ఉంది, అక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మాట, వంట, క్రిస్మస్ పండుగ చాలాకాలం ఆ పేటకు ప్రత్యేకతగా నిలిచాయి. బురుజుపేట అన్న పేరులో ఒక పాత బురుజు ఉంది. వెలంపేట, చెంగలరావుపేట వంటి పేర్లలో కులాలు, వ్యక్తులు కనిపిస్తాయి. బస్సు బోర్డు మీద ‘ఓల్డ్ పోస్టాఫీస్’ అన్న మాట చూసి ఎక్కేవారిలో చాలామందికి పోస్టాఫీసుతో పని ఉండదు. ఆ చోటికి ఇక ఆ పేరే. రాతి సాక్ష్యం పోయిన చోట మాట సాక్ష్యంగా నిలవడం పాత రేవుపట్టణాలన్నిటిలో కనిపిస్తుంది, వన్‌టౌన్‌లో అది మరింత చిక్కగా ఉంది.

ఇక్కడికి వచ్చిన క్రైస్తవమూ ఒకే ముద్దగా రాలేదు. కంపెనీ ఉద్యోగుల ఆంగ్లికన్ ప్రార్థనలు ఒక పాయ. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదం మొదలైంది. డెస్ గ్రాంజెస్ 1810లో మరణించాడు. అతడు అనువదించిన మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరామపురంలో (సేరంపూర్) అచ్చయ్యాయి. తెలుగు అచ్చు పుస్తకాల తొలినాళ్ల చరిత్రలో ఈ ఊరికి ఇలా ఒక చోటు దక్కింది. మూడో పాయ కతోలికులది. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి వచ్చారు, మరుసటి ఏడాదే సెయింట్ ఎలోషియస్ పాఠశాల మొదలైంది. వీరెవరూ పాతపట్నం దాటి పోయి కొత్త ఊరు కట్టుకోలేదు. ఉన్న వీధుల మధ్యే చోటు వెతుక్కున్నారు.

చేతిపనిలో ఈ కలయిక మరింత దగ్గరగా కనబడుతుంది. 18వ శతాబ్దిలో విశాఖపట్నపు వడ్రంగులు, కంసాలులు చేసిన దంతపు పనికి ఐరోపాలో పెద్ద గిరాకీ ఉండేది. కుర్చీ ఆకారం లండను నమూనా, కొయ్య ఈ దేశపుది. పైన పరిచిన ఏనుగు దంతపు రేకు మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. అంచుల వెంట సాగే తీగెలు, పూలు కలంకారీ అద్దకపు కుటుంబానికి చెందినవి. బయటివాడు తెచ్చిన నమూనాను పనివాడు తన చేతి అలవాటుతో నింపాడు. ఆ పెట్టెలు, బీరువాలు ఇప్పుడు లండను మ్యూజియాల్లో ఉన్నాయి. అవి చేసిన వీధుల్లో ఆ పని గుర్తు కూడా మిగలలేదు.

పైకప్పు లేని అమ్మవారు

బురుజుపేట కనకమహాలక్ష్మి ఆలయం ఈ ఊరి పద్ధతిని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. 1912లో ఒక బావిలో అమ్మవారి విగ్రహం దొరికిందనీ, 1917లో వీధి వెడల్పు చేయడానికి దాన్ని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు చెలరేగిందనీ, తిరిగి యథాస్థానంలో నిలపగానే తగ్గిందనీ స్థలకథనం. గర్భాలయానికి కప్పు లేదు. ఎండా వానా నేరుగా అమ్మవారి మీదే పడతాయి. భక్తులు ఎవరికి వారే దగ్గరికి వెళ్లి పాలు పోస్తారు, పసుపు పూస్తారు, కుంకుమ పెడతారు. మార్గశిరంలో తెల్లవారుజామున వరసలో నిలబడ్డ ఆడవాళ్ల చేతుల్లో పసుపు పొట్లం, కొబ్బరికాయ, కొందరి భుజాన నెలల పాప. పాపను అమ్మవారి పాదాల దగ్గర ఉంచి తీసుకుంటారు. నేలంతా పసుపు నీళ్లే.

మార్గశిర గురువారాలు ఇక్కడ ప్రధానం. ఉత్తరాంధ్రలో గురువారాన్ని లక్ష్మీవారం అనే అంటారు. సరిగ్గా ఇదే నెలలో, ఇదే వారం ఒరియా ఇళ్లలో మాణబసా గురుబార పేరుతో ధాన్యపు కొలతను లక్ష్మిగా నిలిపి పూజిస్తారు. గుంటూరులోనో కడపలోనో ఈ వారానికి ఇంత పట్టు కనిపించదు. గాంగుల, గజపతుల ఏలుబడి ముగిసి శతాబ్దాలు గడిచినా, కళింగపు పంచాంగం విశాఖ వంటింట్లో నడుస్తూనే ఉందనడానికి ఇది గుర్తు.

జగన్నాథస్వామి రథయాత్రదీ అదే దారి. వన్‌టౌన్ ఆలయం నుంచి బయలుదేరిన స్వామి పూరీ పద్ధతిలో, రథయాత్ర రోజుల్లో విడిది చేసే గుండిచా మందిరానికి చేరాలి. విశాఖలో ఆ గుండిచా మందిరం టర్నర్ సత్రం. 19వ శతాబ్దిలో జిల్లా కలెక్టరుగా పనిచేసిన ఆంగ్లేయుడి పేరు పెట్టిన సత్రంలో జగన్నాథుడు విడిది చేసి, రోజుకొక అవతారపు అలంకారంలో దర్శనమిస్తాడు. ఆ సత్రాన్ని ఏ మతపు కట్టడమని లెక్కలో చేర్చాలో ఏ పట్టికా చెప్పలేదు.

19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదట్లో మరో పొర చేరింది. కలెక్టరు కచేరీ ఇక్కడ ఉండడం వల్ల విజయనగరం, బొబ్బిలి, కురుపాం, జయపురం సంస్థానాధీశులందరికీ విశాఖలో పని ఉండేది. టౌన్‌హాలుకు బొబ్బిలి రాజావారి విరాళం, కురుపాం మార్కెట్టుకు కురుపాం వైరిచర్ల వారి పేరు, ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర వారు నిలిపిన విక్టోరియా రాణి విగ్రహం ఆ కాలానివే. దొర మెప్పు కోసం కట్టినవని ఈ కట్టడాలను కొట్టిపారేయడం సులువు. కానీ ఊరి జనానికి సభ జరుపుకునే హాలు, ఎండ తగలని అంగడి అమరింది వాటితోనే.

హార్బరు తవ్వాక

పడమటి చిత్తడిని తవ్వి హార్బరు చేయాలన్న ఆలోచన చాలాకాలం నలిగి, 1920ల చివర పనిగా మారింది. ఈ తీరంలో కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి, అదే మొగను పూడుస్తుంది. దాన్ని ఆపడానికి డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడలను ముంచి, వాటి చుట్టూ రాళ్లు పోసి అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మధ్యపరగణాల (ఆనాటి సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం రైలు మీద వచ్చి నేరుగా ఓడకెక్కే ఏర్పాటు అది.

పాతపట్నానికి దీని ఫలితం వింతగా ఉంది. సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న సంబంధాన్ని కొత్త రేవు తెంచేసింది. సరుకు ఇక వీధుల గుండా నడవదు. మసూలా పడవకు పని పోయింది. కోమట్ల గోదాములు ఖాళీ అయ్యాయి. ఐరోపావారు 19వ శతాబ్దిలోనే చిత్తడి జ్వరాలకు జడిసి ఉత్తరపు మెట్ట మీద వాల్తేరులో బంగళాలు కట్టుకున్నారు. 1923లో కింగ్ జార్జ్ ఆస్పత్రి, 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1941లో మొదలైన ఓడల కర్మాగారం, ఆపైన నౌకాదళం, ఉక్కు కర్మాగారం నగరాన్ని అన్ని దిక్కులకూ లాగాయి. జగదాంబ కూడలి, ఆసిల్‌మెట్ట, ద్వారకానగర్ వంతులవారీగా నడిబొడ్డులయ్యాయి. వన్‌టౌన్ నేల ధర, ఆ ఊళ్లతో పోలిస్తే, వెనకబడింది. కూల్చి కట్టాలన్న ఒత్తిడి చాలా దశాబ్దాలు తక్కువగా ఉండడం వల్లనే పాతపట్నం మిగిలింది.

కొచ్చిలో దాదాపు అదే కాలంలో ఇదే జరిగింది. అక్కడ తీరం వెంట ఉన్న ఉప్పునీటి కయ్యల (బ్యాక్‌వాటర్స్) అడుగు తవ్వి తీసిన మట్టితో విల్లింగ్‌డన్ ద్వీపం పోసి కొత్త రేవు పెట్టారు, ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి పక్కకు ఆగిపోయాయి. 1503 నాటి చర్చి, 1568 నాటి యూదుల ప్రార్థనాలయం, దాని గోడకు ఆనుకున్నట్టుండే రాజావారి భవనం అలాగే నిలిచాయి. తేడా ఆ తరవాత వచ్చింది. ఫోర్ట్ కొచ్చిలో పాత ఇల్లు అతిథి గృహమై సంపాదించడం మొదలుపెట్టింది, యజమానికి దాన్ని నిలుపుకోవడంలో లాభం కనిపించింది. విశాఖకు వచ్చే యాత్రికుడు రామకృష్ణా బీచ్, కైలాసగిరి, అరకు చూసి వెళతాడు. వన్‌టౌన్ అతడి దారిలో లేదు. భీమిలిలో డచ్చివారి సమాధులు చూసేవారు కూడా కోటవీధి వైపు రావడం అరుదు.

ఏవి నిలిచాయి, ఏవి కరుగుతున్నాయి

పాతపట్నంలో ఇప్పుడు బాగున్న కట్టడాల జాబితా వేస్తే అందులో ఎక్కువ భాగం ప్రార్థనాస్థలాలు, వాటికి అనుబంధమైన బడులే ఉంటాయి. కారణం భక్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. గుడికి దేవాదాయ శాఖ లేదా ధర్మకర్తలు, దర్గాకు వక్ఫు వ్యవస్థ, దర్గాను చూసుకునే ముజావర్లు, చర్చికి బిషప్ ఆధ్వర్యంలోని మేత్రాసనం ఉన్నాయి. అంటే ప్రతి స్థలానికీ బాధ్యుడు, ఆదాయం, రోజూ వచ్చిపోయే జనం ఉన్నారు. సున్నం రాలితే ఎవరో చూస్తారు, చందా పోగవుతుంది.

ఇళ్లకు ఈ మూడూ లేవు. వన్‌టౌన్ పాత మిద్దెను దగ్గరగా చూస్తే పతనం ఎలా సాగుతుందో తెలుస్తుంది. గోడ గానుగ సున్నంతో కట్టినది. కప్పు టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసినది. ఉప్పుగాలి తేమను ఈ గోడ పీల్చుకొని తిరిగి వదిలేస్తుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. మరమ్మతు చేసిన చోటే రెండేళ్లకు మరింత పెద్ద పెచ్చు ఊడుతుంది. పిట్టగోడ పగుల్లో కాకి వేసిన రావి విత్తనం మొలకెత్తి, వేరు దూలం కొసదాకా దిగుతుంది. కింద దుకాణం పాత అద్దెకు ఉంటుంది, పైన వాటాలు తేలని నలుగురైదుగురు వారసులు, వారిలో ఇద్దరు వేరే ఊళ్లలో ఉంటారు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం. ఈ స్థితిలో బిల్డరు వచ్చి అడిగితే కాదనడానికి యజమాని దగ్గర కారణం ఉండదు. అతడిని తప్పుపట్టడం అన్యాయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఇళ్ల పెంకులను, తలుపులను చెదరగొట్టింది. ఆ తరవాత జరిగిన మరమ్మతుల్లో చాలావరకు రేకులు, సిమెంటే వాడారు.

చట్టానికి కనిపించేది, కనిపించనిది

కేంద్ర పురావస్తు చట్టం, 2010 సవరణతో, జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాన్ని నిషేధిస్తుంది, ఆపై 200 మీటర్లను నియంత్రిస్తుంది. రాష్ట్రానికి 1960 నాటి చట్టం వేరే ఉంది. రెండింటి పద్ధతీ ఒకటే. ముందు ఒక కట్టడాన్ని గుర్తించాలి, తరవాత దాని చుట్టూ గీత గీయాలి. ఓరుగల్లుకు ఈ పద్ధతి సరిపోతుంది. టౌన్‌హాలు వంటి ఒక భవనాన్ని బాగుచేయడానికి కూడా పనికొస్తుంది. కానీ వన్‌టౌన్ విలువ ఏ ఒక్క భవనంలోనూ లేదు. రాస్ హిల్ మెట్లు దిగి దర్గా కొండ దాటి కోటవీధి గుండా బురుజుపేట చేరే నడకలో ఉంది. ఆ నడకలోని ఏ ఇల్లూ విడిగా చూస్తే జాతీయ ప్రాముఖ్యం గల కట్టడం కాదు, అందువల్ల ఒక్కొక్కటిగా పోయినా ఏ నియమమూ అతిక్రమించినట్టు కాదు.

ముంబయి 1995లో తెచ్చిన వారసత్వ నియమావళి విడి భవనాలకు శ్రేణులు ఇవ్వడంతోపాటు మొత్తం ప్రాంతాలను కూడా జాబితాలో చేర్చింది. అలాంటి ప్రాంతంలో మిద్దె ఎత్తు, వీధి వైపు గోడ, అరుగు, కిటికీ వరస వంటివి నియంత్రణలోకి వస్తాయి. లోపల యజమాని తన అవసరానికి మార్చుకోవచ్చు. వాడుకోలేని నిర్మాణ హక్కును మరోచోట అమ్ముకునే వీలు కల్పిస్తే నష్టం కొంత తీరుతుంది. ఇలా బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు పత్రాలు, అంటే టీడీఆర్ బాండ్లు, ఆంధ్రప్రదేశ్‌కు కొత్త కాదు. ఇక్కడ అవి రోడ్డు విస్తరణలో స్థలం కోల్పోయినవారికి ఇస్తారు, అంటే పాత ముఖద్వారం పడగొట్టినందుకు పరిహారంగా. అదే సాధనాన్ని ముఖద్వారం నిలిపినందుకు ఇచ్చే ఏర్పాటు ఉంటే వన్‌టౌన్ యజమాని లెక్క మారుతుంది.

ఇకముందు ఏం జరగవచ్చన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మొదటిది నేల ధర. నగరం ఉత్తరాన నిండిపోయి, రేవుకు, రైల్వే స్టేషనుకు దగ్గరి నేల మళ్లీ విలువ పుంజుకుంటే ఇన్నాళ్లూ పాతపట్నాన్ని కాపాడిన నిర్లక్ష్యం ఇక పనిచేయదు. ఒకసారి రెండు మూడు స్థలాలు కలిపి ఎత్తయిన భవనం లేస్తే పక్క ఇళ్ల వారసులకు కూడా అదే ధర కనిపిస్తుంది, ఆ తరవాత మార్పు వేగంగా జరుగుతుంది. ప్రార్థనాస్థలాలు అప్పుడూ నిలుస్తాయి. కానీ చుట్టూ ఉన్న పేటలు ఖాళీ అయితే రోజూ వచ్చేవారి స్థానంలో పండగనాడు కార్లలో వచ్చేవారు మిగులుతారు.

రెండోది చూపు. మూడు కొండలు పెద్ద ఎత్తయినవి కావు. వాటి పాదాల దగ్గర, వాలుల మీద కట్టే భవనాల ఎత్తుకు హద్దు లేకపోతే కొన్ని అంతస్తులతోనే గోపురం, మీనారు, సిలువ సముద్రం వైపు నుంచి కనుమరుగవుతాయి. ఓడవాడు ఏ కొండను చూసి జెండా దించాడో ఆ కొండ అతడికి కనిపించాలి. కాలువ మధ్య నుంచి మూడు కొండల శిఖరాలకు గీతలు గీసి, ఆ గీతలకు అడ్డు రాని ఎత్తును మాస్టర్ ప్లాన్‌లో రాయడం సర్వేయరు చేయగల పని. అందుకు ఏ ఇల్లూ ఖాళీ చేయించనక్కరలేదు, ఏ వీధీ తవ్వనక్కరలేదు.